శుభ శుక్రవారం కొబ్బరిపాలు

కువైట్‌లో మేడమ్ చెయ్యి విసురుకు కాంతమణి ఎడమ చెవి పోయింది. ఊడిపడలేదు, వినబడడం మానేసింది. పాలు మాడాయని కొట్టింది మేడమ్. ఆ పాలు పొయ్యి మీద మరిచిపోయింది కాంతమణి కాదు, వంటింట్లో తోడుగా ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిటెస్. ఆ సంగతి చెప్పేంత అరబ్బీ కాంతమణికి రాదు. సాయంత్రం మారిటెస్ తడిగుడ్డ తెచ్చి చెవి మీద అదిమిపెట్టి, "ఆతే, ఆతే" అని ఏడ్చింది.

"ఎవరికే అత్తను? నా కొడుకును గాని చేసుకున్నావా?" అని కసిరింది కాంతమణి. వాళ్ల భాషలో ఆ మాటకు అక్క అని అర్థమని తరవాతెప్పుడో తెలిసింది.

బినిగ్నిత్ అనే పాయసం చెయ్యడం నేర్పింది ఆ మారిటెస్సే. వాళ్లది సెబూ అనే దీవి. అక్కడ శుభ శుక్రవారం నాడు మాంసం ముట్టరు, ఇంటింటా ఇది వండి ఇరుగుపొరుగుకు పంచుకుంటారు. కొబ్బరిపాలలో అరటిపండు, చిలగడదుంప, పనస తొనలు, సగ్గుబియ్యం, పిండి ఉండలు. "మా పాలతాలికల్లాగే ఉంది కదే, దీనికింత పేరెందుకు" అంది కాంతమణి మొదటిసారి తిని. అంటూనే ఇంకో గిన్నె పెట్టించుకుంది.

ఆమె అక్కడ ఉండగానే ఇక్కడ భర్త యేసుదాసు చనిపోయాడు. తిరిగి వచ్చాక మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఆర్డర్ల మీద వంట మొదలుపెట్టింది. పుట్టినరోజులకు, చావు ఇళ్లలో ఆదరణ కూడికలకు, చర్చి మీటింగులకు బిర్యానీ, బగారన్నం. మొదటి ఏడు గుడ్ ఫ్రైడేకి బినిగ్నిత్ చేస్తే పక్కింటి రోసమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ప్రభువు సిలువ మీదుంటే పాయసం చేసుకుంటున్నవా అక్కా?"

"సిలువ మీద ఆయనకు చేదు పోశారు రోసమ్మా. మనం కూడా అదే తాగాలా?"

ఆ మరుసటేడు అందరికంటే ముందు గిన్నె పట్టుకొచ్చింది రోసమ్మే.

ఈ ఏడు మాత్రం శుభ శుక్రవారానికి ముందురోజు కూతురు క్యారల్ వచ్చింది. బొల్లారం నుంచి చెప్పుల్లేకుండా వచ్చింది. కుడి మణికట్టు ఉబ్బిపోయి, కింది పెదవి చీలిపోయి ఉంది. ఇంతకుముందూ ఇలాగే వచ్చింది. వచ్చినప్పుడల్లా వెనకాలే భర్త ఉదయ్‌కిరణ్ కేకు డబ్బాతో దిగేవాడు, బుద్ధిగా కుర్చీలో కూర్చుని టీ తాగేవాడు. కాంతమణే కూతురి బ్యాగు సర్ది పంపేది. ఈసారి పంపనని ఆమె మాటివ్వలేదు. క్యారల్ అడగనూ లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి సందంతా చర్చికి పోయి ఖాళీ అయింది. కాంతమణి పోలేదు. ముందు గదికీ వెనక గదికీ మధ్య ఇరుకు నడవ, అందులోనే నేల మీద పెద్ద బర్నర్ పొయ్యి. అది వెలిగిస్తే వెనక గదికి దారి ఉండదు, పొయ్యిని దాటుకుని పోవలసిందే. వెనక గదిలో క్యారల్ పడుకుని ఉంది.

కాంతమణి కొబ్బరికాయను కత్తిపీట అంచుకేసి కొట్టింది. కోరి, పిండి, చిక్కటి పాలు ఒక గిన్నెలో పక్కన పెట్టింది. అవి చివరలో, మంట తీసేశాకే పొయ్యాలి. ముందే పోస్తే విరిగిపోతాయి. రెండోసారి పిండిన పలచటి పాలు బెల్లంతో కలిపి డేగిసాలో మరగబెట్టింది. దుంపలు, సగ్గుబియ్యం వేసింది. అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ ఉంది. తలుపు గడియ విరిగిన చప్పుడు ఆమె ఎడమ పక్క నుంచి వచ్చింది, ఆమెకు అందలేదు. తల ఎత్తేసరికి ఉదయ్‌కిరణ్ ముందు గదిలో నిలబడి ఉన్నాడు. చేతిలో కేకు డబ్బా లేదు.

"చర్చికి పోలేదా అత్తమ్మా?"

"వంట ఉంది అల్లుడుగారూ. మీరు పోలేదా?"

"పెండ్లాం ఇంట్ల లేకపోతె ఒక్కన్ని ఎట్ల పోత? పిలువు జెర."

"పడుకుంది."

"లేపు."

"లేపనండీ."

అతను నవ్వాడు. వంగి, తరిగిపెట్టిన అరటిపండు ముక్కల పళ్లెం ఎత్తి నేల మీద కుమ్మరించాడు. బూటుకాలితో తొక్కాడు. "గిదేంది, నా పరేషాన్ల నేనుంటె మీరు దావత్ చేసుకుంటున్నరా?" పనస తొనల గిన్నె గోడకు కొట్టాడు. చిక్కటి పాల గిన్నె ఎత్తాడు.

"అది దించండి."

అతను దాన్ని ఆమె ముఖం మీదికి విసిరాడు. గిన్నె అంచు తగిలి నుదురు చిట్లింది. పాలు, నెత్తురు కలిసి కళ్లలోకి దిగాయి. తుడుచుకునేలోపు చెంపదెబ్బ పడింది. కుడి చెవి మీద పడింది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. అతని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మెడనరాలు ఉబ్బుతున్నాయి. కాంతమణికి ఒక్క ముక్కా వినబడలేదు. తెడ్డు మాత్రం వదల్లేదు. అతను జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదాడు. ఒకసారి. మళ్లీ. ఆమె మోకాళ్ల మీద కూలబడింది, పొయ్యి పక్కనే. ఇక అడ్డం లేదనుకుని అతను జుట్టు వదిలి, పొయ్యిని దాటడానికి కాలు ఎత్తాడు.

కాంతమణి రెండు చేతులతో డేగిసా అంచు పట్టుకుని ఒంచింది.

బెల్లం పాకం, సగ్గుబియ్యం అతని మోకాలి కింద నుంచి బూటు లోపలి దాకా కారి అంటుకున్నాయి. అతను వెనక్కి పడి, కాలు చేత్తో తుడుచుకోబోయి, చేయి కూడా కాల్చుకున్నాడు. తుడిచినచోట చర్మం ప్యాంటు గుడ్డతో పాటు ఊడివచ్చింది. అతని అరుపు కాంతమణికి చాలా దూరం నుంచి, ఈలలాగా వినబడింది. ఆమె చేతులు కూడా బొబ్బలెక్కాయి. అది ఆమె అప్పుడు చూసుకోలేదు.

వెనక గది తలుపు తెరుచుకుంది. క్యారల్ బకెట్‌తో నీళ్లు పట్టుకుని వచ్చింది.

"లోపలికి పో" అంది కాంతమణి.

క్యారల్ పోలేదు. పొయ్యి దాటి వచ్చి భర్త కాలి పక్కన కూర్చుని మగ్గుతో నీళ్లు పోసింది. ఆపకుండా పోస్తూనే ఉంది. అతను ఆ చేతినే, వాచిన మణికట్టునే పట్టుకున్నాడు.

"సూడు, మీ యమ్మ ఏం జేసిందో. నడువ్. దవాఖానకు పోదాం, ఆడికెంచి ఇంటికి."

క్యారల్ లేవబోయింది. కాంతమణి ఆమెను ఆపడానికి తెడ్డు ఎత్తి భుజం మీద బలంగా కొట్టింది. తెడ్డుకున్న వేడి పాకానికి జాకెట్టు గుడ్డ భుజానికి అతుక్కుంది. క్యారల్ ముందుకు తూలింది.

అతను నొప్పిలోనే నవ్వాడు. "సూసినవా? గీమె సుత కొడ్తది. నిన్ను అందరు కొడ్తరే."

క్యారల్ తల్లి వైపు చూసింది. నుదుటి నుంచి నెత్తురు, గడ్డం మీద కొబ్బరిపాలు. తన మణికట్టు చుట్టూ ఉన్న వేళ్ల వైపు చూసింది. పెదవులు కదిలాయి. కాంతమణికి వినబడలేదు.

"ఏంటే?"

"పొయ్యి పెద్దది చెయ్ మమ్మీ." క్యారల్ గట్టిగా అంది.

డేగిసాలో సగం ఇంకా మిగిలే ఉంది. కాంతమణి మంట పెంచింది. పాకం మళ్లీ బుడగలు తేలింది. అతను డేగిసాను చూశాడు, భార్య ముఖం చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి.

"లే" అంది కాంతమణి. కూతురి పెళ్లయిన నాటి నుంచి 'మీరు' తప్ప మరో మాట అనని అల్లుడితో, "లేచి బయటికి నడువు నువ్వు" అంది.

అతను గోడ పట్టుకుని లేచాడు. అరటిపండ్ల మీద కాలు జారి మళ్లీ పడ్డాడు. గడప దాకా పాక్కుంటూ పోయి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగాడు. "కేసు పెడ్త. తల్లిని బిడ్డను కలిపి లోపలేపిస్త."

అతను కుంటుకుంటూ సందు దాటాక, తలుపు మూద్దామంటే గడియ లేదు. ఇద్దరూ కలిసి మంచం ఈడ్చి తలుపుకు అడ్డంగా వేశారు. కాంతమణి దాని మీద కూర్చుంది. ఆమె నుదుటికి గుడ్డ అదిమిపెట్టి, క్యారల్ ఎడమ చేత్తో ఫోన్ తీసి పోలీసుల నూరు నంబర్ నొక్కింది.

"మెట్టుగూడ సార్, రైల్వే క్వార్టర్ల వెనక సందు. మా అమ్మ తల పగిలింది. నా చెయ్యి విరిగిందనుకుంట. ఎవరా? మా ఆయన సార్. ఉదయ్‌కిరణ్, బొల్లారం." అవతలి మనిషి ఏదో అడిగాడు. ఆమె తల్లి కాలిన చేతులు చూసింది. "అవును, అతనికి కూడా తగిలింది. మా అమ్మే పోసింది, కాగుతున్న పాయసం. నన్ను ఎత్తుకపోకుండ పోసింది. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తా."

కాంతమణికి చెవిలో మోగుతున్న ఈలలోంచి ఆ చివరి మాటలు మాత్రం అందాయి. క్యారల్ కిటికీ రెక్క తెరిచి సందు రెండువైపులా చూసింది.

"ఇప్పుడు లేడు సార్. కానీ మళ్లొస్తడు. మీరు ముందు రండి."