రాజక్క తొక్కిన చుట్టుబాట

నా మాటల్లో పావు వంతే నమ్మాలని గోదావరిఖనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఇది మా రాజక్క సంగతి. తిన్న అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మొన్న ఎండాకాలపు వాన వెలిసిన పొద్దున, మట్టిగుట్టల మీదినుంచి కానుగపూల వాసన దిగి వచ్చింది. దాని వెనకే కాలిన బ్రేకు రబ్బరు వాసన. పట్నం కుర్రాళ్లు హెల్మెట్లు పెట్టుకుని, లావు టైర్ల సైకిళ్ల మీద నీళ్ల చుట్టూ తిరుగుతున్నారు. గేటు దగ్గర ఎవరో పట్నం గుత్తేదారు పెట్టిన బోర్డు: 'సహజమైన అడవిలో, సహజమైన సరస్సు చుట్టూ సైకిల్ సాహసం.' నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సరస్సు బొగ్గు తీసేసిన గొయ్యి. ఆ కొండలు ఆ గొయ్యిలోంచి తోడి పోసిన మట్టి. ఇక ఆ అడవి మా రాజక్క చేతి చలవ.

నేను మీసాలు మొలిచీ మొలవకుండానే ఆ గుట్టల మీద మొక్కలు నాటే పనిలో చేరినప్పుడు ఆమే మా ముఠాకు పెద్ద. నీళ్ల ట్యాంకరు గుట్ట కిందే ఆగేది, మీదికి ఎక్కేది కాదు. మగవాళ్ల సైకిల్‌కు అటూ ఇటూ నీళ్ల డబ్బాలు కట్టి, చీర ఎగదోపి, గొయ్యి అంచు వెంట తొక్కుకుంటూ పోయేది. తొక్కలేని చోట దిగి నెట్టేది. మేమంతా ఆమె టైరు గీత వెంటే నడిచాం. ఈనాటి సాహసబాట ఆ గీతే.

ఒక ఎండాకాలం మా మేస్త్రి నీళ్ల ట్యాంకరును బసంత్‌నగర్‌లో కడుతున్న తన ఇంటికి మళ్లించాడు. మొక్కలు వాడిపోతున్నాయి. రాజక్క తాపీగా అతని దగ్గరికి పోయింది.

"మేస్త్రీ, మన గుట్ట నడుస్తున్నది, చూసినవా?"

"గుట్ట నడుసుడేంది రాజక్కా?"

"దూపైతే నడువదా? నీళ్లెటు పోతే అటే పోతది. నీ కొత్తిల్లు ఎటుందో ఏమో మరి!"

మర్నాడే ట్యాంకరు తిరిగొచ్చింది. "గింత అబద్ధమా అక్కా!" అని నేను పొట్ట పట్టుకుని నవ్వితే, ఆమె నవ్వలేదు.

"నోరులేని దాని కోసం చెప్తే అబద్ధం కాదురా. నీ గొప్ప కోసం చెప్తేనే అబద్ధం."

నా బతుకుదారి ఆ రోజే ఖాయమైంది. ఆ మాటలో రెండో సగాన్ని మాత్రం నేను అంతగా పట్టించుకోలేదు.

"కాళ్లు ఆడుతున్నప్పుడే ఒక్కసారి ఆ చుట్టు తిరగాలెరా" అని ఆమె ఈ మధ్య అంటూనే ఉంది. పోయిన ఆదివారం ఇద్దరం వెళ్లాం, ఆమె తన పాత సైకిల్ నెట్టుకుంటూ. కాపలా కుర్రాడు అడ్డం వచ్చాడు.

"గేరు సైకిళ్లకే పర్మిషన్ అవ్వా. గీ డొక్కుది నడువది. వాపస్ పోండ్రి."

"గేటు తియ్యవా?"

"తియ్య."

"అయితే నా చెట్లు నాకిచ్చెయ్ బిడ్డా. సైకిల్ మీద పెట్టుకొని పోత."

వాడు గుట్టల వైపూ, ఆమె క్యారియర్ వైపూ మార్చి మార్చి చూసి, నవ్వాపుకోలేక గేటు తీశాడు. వెదురుపొదల మలుపులో ఆమె ఒక హెల్మెట్ కుర్రాణ్ణి దాటేస్తూ గంట కొట్టింది: "జరుగు బిడ్డా, చెట్లకు నీళ్ల యాళ్లయింది!"

ఒట్టేశాను కనుక చెప్పక తప్పదు. గేటు తియ్యలేదు. చెట్లు ఇచ్చెయ్యమన్న మాట ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే నాకు తట్టింది. మేస్త్రిని గడగడలాడించిన రాజక్క, ఆ పోరగాడి ముందు ఒక్క మాటా అనకుండా సైకిల్ వెనక్కి తిప్పింది. కంచె బయటికి వంగిన కొమ్మనొకదాన్ని తడిమి, "మంచిగ పెరిగినయిరా" అంది, అంతే.

మిగతాదంతా నిజం, బోర్డుతో సహా. ఆ గేటు నిజంగా తెరుచుకునేదాకా ఈ అబద్ధాన్ని మాత్రం నేను మానను.