డాక్టరమ్మను తీసేసిన సాక్ష్యం

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన క్యారల్‌కు భయం ఉగ్గుపాలతోనే అబ్బింది. నాన్న శాంతికుమార్ వర్క్‌షాపులో ఫిట్టరు, అమ్మ చర్చిలో సండేస్కూలు టీచరు. ప్రభువు మేఘాల మీద వస్తాడని, నమ్మినవాళ్లను తీసుకుపోతాడని, మిగతావాళ్లు కిందే ఉండిపోతారని అమ్మ ఎంతో ప్రేమగా చెప్పేది. పిల్ల మాత్రం ఆ చివరి ముక్కనే పట్టుకుంది. రెండో తరగతిలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, ఇంట్లో ఎవరూ లేరు. అంతే, ప్రభువు వచ్చేశాడు, అందర్నీ తీసుకుపోయాడు, తనొక్కతే మిగిలిపోయిందని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అమ్మ పెరుగుతోడు కోసం పక్కింటికి వెళ్లిందంతే. తోడు గిన్నెతో తిరిగొచ్చి సంగతి విని పడీపడీ నవ్వింది. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చినా, ఇంట్లో ఫోనెత్తకపోతే క్యారల్ ఇప్పటికీ ముందు ఆకాశం వైపే చూస్తుంది.

కాలేజీలో శుక్రవారం లంచ్ టైములో, ఒక ఖాళీ క్లాసురూములో ప్రేయర్ సెల్ జరుగుతుంది. విద్యార్థుల మధ్య సేవ చేసే జెఫ్రీ అన్న గిటారు పట్టుకుని వస్తాడు. మంచివాడు, కాస్త ఆవేశపరుడు. "మీ మమ్మీ నమ్ముతది, సరే. నువ్వేం నమ్ముతవ్ క్యారల్?" అని మొదటివారమే అడిగాడు. ఇంతకాలం చర్చిలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ రాత్రే ఆమె బైబిలును ఎవరూ చెప్పకుండా తెరిచింది.

ఇబ్బందల్లా సాక్ష్యాలతో వచ్చింది. వారానికొకరు లేచి, దేవుడు తమ బతుకును ఎలా మార్చాడో చెప్పాలి. ఒకడు మందు మానేశాడు, ఇంకొకడు తండ్రి మీద చెయ్యెత్తడం మానేశాడు. క్యారల్ దగ్గర ఏముంది? కోయిరు, క్రిస్మస్ కేకు, ఆదివారం బిర్యానీ. సరైన తప్పు ఒక్కటైనా చేసిన పాపాన పోలేదు. మారడానికి ఏమీ లేకపోతే నేనసలు ఆయన మనిషినేనా అని ఆమెకు దడ పట్టుకుంది.

తన వంతు వచ్చిన రోజు లేచి నిలబడింది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని, అమ్మానాన్నా ఉపవాసముండి ప్రార్థించారని, తర్వాత మళ్లీ రాలేదని చెప్పింది. అన్నీ నిజాలే. రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మను, ఏళ్ల తరబడి మింగిన గోళీలను మాత్రం కథలోంచి తీసేసింది. అవి ఉంటే సాక్ష్యం చప్పగా ఉంటుందనుకుంది మహాతల్లి. గది హల్లెలూయలతో దద్దరిల్లింది, జెఫ్రీ అన్న కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత వారం మొదట్లో సలోమి మెట్ల మీద ఆపింది. అల్వాల్ నుంచి వచ్చే ఫస్టియర్ పిల్ల, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేది.

"అక్కా, నాకు సుత ఫిట్సే. సిగ్గుతోని ఎవ్వరికీ చెప్పలే. నీ సాక్ష్యం విన్నంక గోళీలు బంద్ చేసిన. మమ్మీకి తెల్వది. శుక్రవారం అందరి ముందర చెప్తా."

క్యారల్ చెప్పెయ్యాల్సింది, అక్కడే, అప్పుడే. "జెర జాగ్రత్త" అని గొణిగి దిగి వెళ్లిపోయింది. జాగ్రత్తట! కొంప అంటించి, సెగ తగలకుండా చూసుకోమన్నట్టు.

శుక్రవారం దాకా ఆమెకు అన్నం సహించలేదు. లైబ్రరీలో కుర్చీ పడినా సలోమి పడిపోయిందనే అనుకుంది. మెసేజ్ టైపు చేయడం, చెరిపేయడం. చెబితే అబద్ధాలకోరని అందరూ వెలివేస్తారు. చెప్పకపోతే ఆ పిల్ల మెట్ల మీదో, రోడ్డు మీదో పడిపోతుంది. మోకరించి కూర్చుంటే "ప్రభువా, నన్ను దొరకనియ్యకు" అన్న మాట తప్ప మరొకటి రాలేదు. తను ఏమడుగుతోందో తనకే అర్థమై మధ్యలోనే లేచిపోయింది.

శుక్రవారం సలోమి లేచింది. ముఖం వెలిగిపోతోంది. "అందరికీ వందనాలు. నేను విశ్వాసంతోని..."

"ఆగు సలోమీ." క్యారల్ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. "నేను మొత్తం చెప్పలే. ప్రార్థన చేసింది నిజమే. గోళీలు సుత వేసుకున్న, ఏండ్లకేండ్లు. డాక్టరమ్మ చెప్పినంకనే ఆపినం. నాకు సాక్ష్యం లేదని భయమై, ఆమె సంగతి దాచిన."

సలోమి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మరి గిప్పుడు నాకేమైతదక్కా? పొద్దుగాల చెయ్యి రెండుసార్లు గుంజింది. సైతాను శోధన అనుకున్న."

జెఫ్రీ అన్న గిటారు గోడకు ఆనించాడు. "గోళీల సంగతి నేను అడగాల్సింది. హల్లెలూయ అనుకుంట కూసున్న" అన్నాడు. "పాటలు తర్వాత. సలోమీ, మీ మమ్మీ నంబర్ చెప్పు."

తల్లి ఫోనులోనే ఏడ్చింది. ఎప్పుడూ చూపించే దవాఖానకు తీసుకురమ్మని, తానూ అక్కడికే వస్తున్నానని చెప్పింది. జెఫ్రీ అన్న బైకు మీద ముందు వెళ్లాడు. క్యారల్, సలోమి ఆటో ఎక్కారు. చిలకలగూడ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి, డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

"నీతోని మాట్లాడ" అంది సలోమి, అటు తిరిగి. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ వేళ్లు కాస్త కదిలినా క్యారల్ ఊపిరి బిగబడుతోంది. ఆటో పక్కనుంచి ఆకాశం కనిపించింది, నిండా మబ్బులు. ఇన్నేళ్లూ వాటిని చూసి, నన్ను వదిలెయ్యకు అని తప్ప ఆమె ఇంకేమీ అడిగి ఎరుగదు. ఆ పూట కళ్లు మూసుకుని పైకే అనేసింది.

"ప్రభువా, జెర ఆగు. గిప్పుడే రాకు. ముందు ఈ పిల్లను దవాఖానకు చేరనియ్యి. నన్ను తర్వాత చూస్కో."

మాట్లాడనన్న సలోమి, అటు తిరిగే, ఆమెన్ అంది.