"ఎవరు పోతరు?" అని అడిగిన మా ఉపదేశమ్మ

ఉపదేశమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో, పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా చుట్టుపక్కల ఊళ్ల గుళ్లన్నీ చూసుకునే విచారణ ఫాదర్ గారు. "వనపర్తి దవాఖానలోనేనమ్మా. గంటయింది. నిద్రలోనే పోయింది" అన్నారు. పప్పు గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ క్షణంలో నా మనసులో మెదిలిన మొదటి మాట చెబితే మీరు నన్ను అసహ్యించుకోవచ్చు. అయినా చెబుతాను, ఆమె గురించి రాస్తూ దాచుకోవడం కుదరదు. 'ఇక నన్ను అడిగేవాళ్లు లేరు' అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మాది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. కథోలికుల ఇళ్లు పాతికో ముప్పయ్యో ఉంటాయి, రేకుల కప్పు వేసిన గుడి ఒకటుంది. ఫాదర్ గారు వనపర్తి నుంచి నెలకొక ఆదివారం వచ్చి పూజ చేస్తారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపించి, పిల్లలకు జపాలు నేర్పే మనిషిని ఉపదేశి అంటాం. ఆయన భార్య ఉపదేశమ్మ. ఆయన చనిపోయాక, కొత్త ఉపదేశి వచ్చేదాకా నువ్వే నడిపించమని ఈమెను అడిగారు. కొత్తవాళ్లెవరూ రాలేదు. వారమంతా వేరుశనగ చేలల్లో కూలి చేసి, ఆదివారం పొద్దున ఉతికిన చీర కట్టుకుని, పుస్తకంలో అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివేది. పెద్ద మాట ఎదురైతే ఆగి, "టీచరమ్మా, ఇదేంది?" అని అందరి ముందే నన్ను అడిగేది. ఆమె సిగ్గుపడేది కాదు, నాకే సిగ్గేసేది.

ఆదివారం ప్రార్థనలో విశ్వాసుల ప్రార్థన అని ఒక భాగం ఉంటుంది. ఒక్కొక్కరు లేచి ఒక్కో కష్టం చెప్పి దేవుణ్ని వేడుకుంటారు. తక్కినవాళ్లంతా 'ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి' అని బదులు పలుకుతారు. ఒక ఆదివారం తుంటి విరిగి మంచాన పడ్డ ఒక ముసలామె కోసం ప్రార్థించాం. గట్టిగా బదులు పలికి ఇళ్లకు పోయి అన్నాలు తిన్నాం. ఉపదేశమ్మ ఒక్కతే చూసొద్దామని పోయింది. ముసలామెకు పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదు. ఆమె ఇల్లు గుడి వెనక సందులోనే. మేం చేసిన ప్రార్థన ఆమెకు వినబడే ఉంటుంది.

మరుసటి ఆదివారం ఎవరో లేచి ఇంకో కష్టం చెప్పారు. మేం బదులు పలకడానికి నోరు తెరిచాం. ఉపదేశమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగున్రి. ఎవరు పోతరు?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆళ్ల దగ్గరికి ఎవరు పోతరు అంటున్న. ఇంతమందిల పోయేటోళ్లు ఒక్కరు లేకుంటే, ఆలకించుమని దేవునికి ఏం మొఖం పెట్టుకొని చెప్తం?"

అదే మా ఊరి ఆచారమైపోయింది. ఎవరో ఒకరు చెయ్యెత్తాలి, అప్పుడే అందరం బదులు పలకాలి. చెయ్యెత్తినవాళ్లు వచ్చే ఆదివారం లేచి 'పోయొచ్చిన' అని ఏం చూశారో చెప్పాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే ఆ ప్రార్థన బదులు లేకుండా అలాగే నిలిచిపోయేది, మళ్లీ వారం మళ్లీ వచ్చేది. ఆ మౌనం భరించడం ఎంత కష్టమో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుసు.

మావాళ్లేమైనా తక్కువవాళ్లా. కొద్ది వారాల్లోనే ప్రార్థనల తీరు మారిపోయింది. వానల కోసం, పిల్లల పరీక్షల కోసం, లోకశాంతి కోసం తప్ప నోరు విప్పేవాళ్లు లేరు. ఉపదేశమ్మ కొన్నాళ్లు చూసి, "వాన కాడికి ఎవ్వరు పోయేది లేదు గదా, అందుకే అందరు మబ్బుల మీద పడ్డరు" అంది. గుడి గుడంతా నవ్వింది. ఆ తర్వాత లేచిన మనిషి నిజం కష్టమే చెప్పాడు.

ఒక నెల ఫాదర్ గారు పూజ చేస్తుంటే కూడా ఆమె లేచి అడిగేసింది. వితంతు పింఛను ఆగిపోయిన ఒకామె కోసం ప్రార్థన. చేతులు లేవలేదు. ఫాదర్ గారు పీఠం దగ్గర నిలబడి ఇటు చూశారు, అటు చూశారు, చివరకు తనే చెయ్యెత్తారు. సోమవారం ఆ తల్లిని వెంటబెట్టుకుని తహసీల్దార్ ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా నిలబడ్డారు. తర్వాత చాలా రోజులు ఆ మాట చెప్పి నవ్వుకునేవారు.

ఎక్కడికి పోయినా ఇద్దరిని పొమ్మనేది. "ఒక్కరే పోతే అడుక్కోను వచ్చిన్రనుకుంటరు. ఇద్దరు పోతే అడగను వచ్చిన్రని తెలుస్తది" అనేది. మా ఊళ్లో చేలున్న హిందూ రైతుల ఇళ్లలో ఆపద వచ్చినా అదే ప్రశ్న, అదే చెయ్యెత్తడం. తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగిన ఏడు మేం పాత బట్టలు పోగుచేశాం. ఆమె మూటలు విప్పి చూసి చిరుగుల చీరలన్నీ పక్కకు తీసింది. "ఇవిచ్చినోళ్లు నాతోని రాన్రి. ఆళ్ల ముందల నిలబడి మీ చేతులతోనే ఇయ్యున్రి" అంది. వాళ్లు ఇళ్లకు పోయి మంచి చీరలు తెచ్చారు. అందులో ఒకటి మా అమ్మది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా వెనక ఇంటి రత్నమ్మ భర్త కిందటేడు గుంపు మేస్త్రీ వెంట బెంగుళూరు అవతల కట్టడం పనికి పోయాడు. మా దిక్కు ఊళ్లకు ఇది కొత్త కాదు. మేస్త్రీ వస్తాడు, మనుషుల్ని బండెక్కిస్తాడు, ఊరు సగం ఖాళీ అవుతుంది. దసరా దాకా ఫోన్ చేశాడు. తర్వాత ఫోన్ లేదు. మేస్త్రీని అడిగితే "సైటు మారిండు, మంచిగనే ఉంటడు తియ్యి" అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో కాగితం తీసుకుని పంపించారు. రత్నమ్మ ఆదివారం లేచి, "మా ఇంటాయన యాడున్నడో తెల్వదు. ప్రాణంతోని ఉండాలని ప్రార్థిస్తున్న" అంది.

"ఎవరు పోతరు?" అంది ఉపదేశమ్మ.

ఒక్క చెయ్యి లేవలేదు. తప్పు పట్టడానికి లేదు. వచ్చే పని కాలానికి అందరూ ఆ మేస్త్రీ బండే ఎక్కాలి. వెతకడానికి పోయినవాణ్ని వాడు మళ్లీ ఎక్కించుకోడు. ఆ ప్రార్థన నాలుగు ఆదివారాలు బదులు లేకుండా నిలిచిపోయింది. ఐదోసారి ఉపదేశమ్మ నా వైపే చూసింది.

"టీచరమ్మా, నీకు సర్కారు నౌకరి ఉన్నది. మేస్త్రీ నిన్నేం జేస్తడు?"

చెయ్యెత్తాను. ధైర్యంతో కాదు, అందరూ చూస్తున్నారని. గుడిలో అంత గట్టిగా బదులు పలకడం నేనెప్పుడూ వినలేదు. రత్నమ్మ కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను పోలేదు. ఒక వారం బడి తనిఖీ అన్నాను. ఇంకో వారం మా అమ్మాయికి జ్వరం అన్నాను. జ్వరం నిజమే, కానీ అది రెండు రోజుల్లో తగ్గింది. అసలు సంగతి, భాష రాని ఊళ్లో, ఆ కాంట్రాక్టర్ల ముందుకు పోయి నిలబడాలంటే నాకు భయం వేసింది. ఇంతలో ఉపదేశమ్మకు ఊపిరాడక దవాఖానలో చేర్చారు.

చూడడానికి పోయాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మనిషి మంచంలో సగమైపోయింది. నన్ను చూడగానే అడిగింది అదే.

"పోయినవా బిడ్డా?"

డాక్టరు ఆమెను పరేషాన్ చేయొద్దన్నారు. అది సాకే. ఆ చూపు ముందు 'లేదు' అనే దమ్ము నాకు లేకపోయింది.

"పోయొచ్చిన" అన్నాను. "మంచిగున్నడు. ఫోన్ పోగొట్టుకున్నడంట. పండగకు వస్తనన్నడు."

ఎంత చక్కగా అల్లానో చూడండి. బడిలో పిల్లలు చెప్పే అబద్ధాలు ఇట్టే పట్టేస్తాను నేను. ఆమె పట్టలేదు. ఆమె గుడిలో 'పోయొచ్చిన' అన్న మాటతో అబద్ధం చెప్పినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. కళ్లు మూసుకుని, "రత్నమ్మకు చెప్పినవా?" అంది. "చెప్తా" అన్నాను. నేను చెప్పేదాకా ఆమె ఆగలేదు. ఆ సాయంత్రం చూడడానికి వచ్చిన వాళ్లతో తనే కబురు పంపింది. ఆ మూడో రోజే బడికి ఫోన్ వచ్చింది.

సమాధి దగ్గర మట్టి వేసి చేతులు దులుపుకుంటుంటే రత్నమ్మ నా పక్కకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి, కానీ మొహంలో ఏదో వెలుగు.

"అక్కా, మా ఇంటాయన ఎట్లున్నడు? బక్కగైనడా? నా ముచ్చట ఏమన్న అడిగిండా?"

అందరి ముందూ చెప్పలేక ఆమె చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాను. చెప్పాను. పోలేదని, చూడలేదని, అంతా నా నోటికొచ్చిన అబద్ధమని. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. "ఉపదేశమ్మకు తెల్సా?" అంది.

"తెల్వదు."

"నిమ్మలంగ పోయింది, పోనీ తియ్యి" అంది. కొంగుకంటిన మట్టి దులుపుకుని, "మనమెప్పుడు పోదం?" అంది.

ఆ వచ్చిన ఆదివారం ప్రార్థన నేనే చదివించాల్సి వచ్చింది. నా అబద్ధం సంగతి అప్పటికే ఊరికి తెలిసిపోయింది. రత్నమ్మ లేచి మళ్లీ ముందటి మాటే చెప్పింది. ఆమె ముగించిందో లేదో, 'ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి' అని గుడి అంతా ఒక్క గొంతుతో పలికేసింది. అడిగేవాళ్లు లేరు కదా. ఆపాల్సింది నేను. నా చెయ్యి లేవలేదు. అబద్ధం చెప్పినదాన్ని, ఎవరినని అడగను? అంత తేలికగా అయిపోయింది.

బడికి సెలవు పెట్టి రత్నమ్మా నేనూ బయల్దేరాం. కర్నూలు మీదుగా బెంగుళూరు, అక్కణ్నుంచి ఇంకో రెండు బస్సులు. మొదటి సైటులో కట్టడం అయిపోయి జనం ఎటో పోయారు. అక్కడి టీకొట్టువాడు చెప్పిన రెండోదానికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పని దిగినవాళ్లు రేకుల షెడ్లలోకి పోతున్నారు. కాపలా మనిషి గేటుకు అడ్డంగా నిలబడి, "యారు బేకు?" అన్నాడు. ఎవరు కావాలని. నేను ఫోన్‌లో ఫోటో చూపించాను. అతను సరిగా చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. అతన్ని ఒప్పిద్దామని నేను వచ్చీరాని హిందీలో ఏదో చెబుతున్నాను.

రత్నమ్మ గేటు ఊచలు పట్టుకుంది. పెళ్లయిన నాటినుంచి మొగుడి పేరు నోటితో పలకని మనిషి. మా దిక్కు ఆడవాళ్లు పలకరు. గొంతు చించుకుని, "బాలస్వామీ!" అని పిలిచింది.

షెడ్ల వరసలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. రెండు వేర్వేరు షెడ్లలోంచి ఇద్దరు బయటికి వచ్చారు. ఒకాయనది గద్వాల దిక్కు, ఇంకొకాయనది నాగర్‌కర్నూల్ దిక్కు. ఇద్దరి పేరూ బాలస్వామే. మా బాలస్వామి వాళ్లలో లేడు. ఫోటో చూపిస్తే ఇద్దరూ ఎరగమన్నారు. గద్వాలాయన నా మొహంలోకి, రత్నమ్మ మొహంలోకి మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, మిమ్మల్ని మా ఇంటోళ్లు పంపిచ్చిన్రా?"

అవునని అనడం ఎంత సులువో నాకు తెలుసు. "కాదు నాయనా" అన్నాను.

మేం రోడ్డు ఎక్కి వెనక్కి చూశాం. తమను పిలవలేదని తెలిసి కూడా వాళ్లిద్దరూ లోపలికి పోలేదు. షెడ్ల ముందు అట్లాగే నిలబడి ఉన్నారు.