తెల్ల గుడ్డ మీద పసుపు

మా డాక్టరమ్మ పోయారని మొన్న ఆరంగ్ ఊరెళ్లే బస్సులో ఉండగా ఫోను వచ్చింది. పక్క సీటులో ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చేశాను. ఏడవనా మరి? ఇవాళ మా అమ్మాయి సైకిలు తొక్కుకుంటూ బడికి పోతోందంటే అదంతా ఆవిడ చలవే.

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు ఆడవాళ్లం స్కానింగుకు ఆవిడ దగ్గరికే వెళ్లేవాళ్లం. హిందీలో మొదలుపెట్టి, మనిషి కంగారుపడుతోందని తోస్తే తెలుగులోకి దిగేవారు. పొట్ట మీద రాసే జెల్లీ సీసాను ముందు అరచేతుల మధ్య పెట్టుకుని కాస్త వెచ్చబెట్టేవారు.

నా ఐదో నెలలో ఆవిడ చెయ్యి ఒకచోట ఆగింది. బిడ్డ కాలేయం కింద చిన్న నీటి సంచి కనబడిందట. పిత్తం పేగులోకి దిగే గొట్టం ఊరికే ఉబ్బిందో, మూసుకుపోయిందో అప్పుడే తేల్చలేనన్నారు. మా అత్తకు అదేమీ ఎక్కలేదు, ఆడో మగో చెప్పమంది.

"అది చెప్పనండీ పెద్దమ్మగారూ. పుట్టాక రోజూ విరేచనం రంగు చూడండి. పసుపుపచ్చగా ఉంటే సరే. పాలిపోయి సుద్దలా ఉంటే ఆ పూటే తీసుకురండి" అన్నారు.

ఆడపిల్ల పుట్టింది. మాది విజయనగరం వైపు. పురిటి బిడ్డకు పసుపునీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డలే కడతాం, ఒంటికీ పసుపే రాస్తాం. రోజూ చూశాం, అంతా పచ్చగానే ఉంది. ఇంకేం, గండం గడిచిందని సంబరపడ్డాం. బిడ్డను చూడవచ్చిన డాక్టరమ్మ దండెం మీది గుడ్డలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. కోప్పడలేదు. ఇంటికెళ్లి, తాను చర్చికి కట్టుకునే పాత తెల్లచీర చింపి తెచ్చారు.

"ఏటమ్మా, పురిటి గుంటకి తెల్లగుడ్డేటి?" అని గొణిగింది మా అత్త.

"పసుపు మీద పసుపు ఏం తెలుస్తుందండీ? నాలుగు రోజులు నా మాట వినండి."

మర్నాడే ఆ గుడ్డ మీద పాలిపోయిన సుద్ద రంగు కనబడింది. బిడ్డను ఆ గుడ్డతోనే చుట్టి ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వేళ మించలేదని ధైర్యం చెప్పి, పెద్దాసుపత్రికి మాతో వచ్చారు. ఆపరేషను అవుతున్నంతసేపూ మా అత్త చెయ్యి పట్టుకునే కూర్చున్నారు.

బిడ్డ తేరుకున్నాక ఒక ఉదయం గుడ్డ పచ్చబడింది. దాన్ని ఉతక్కుండా పట్టుకుని క్లినిక్కుకు పరుగెత్తింది ఎవరనుకున్నారు? మా అత్తే. డాక్టరమ్మ ఆ గుడ్డను కిటికీ వెలుగులో పట్టి, పట్టుచీర చూసినట్టు చూసి నవ్వారట.

నిన్న ఆవిడకు మెడ దాకా తెల్ల దుప్పటి కప్పారు. మా అమ్మాయి దోసిలి నిండా బంతిపూలు తెచ్చింది. తెల్లపూలు తేవాల్సిందేమోనని నేను తటపటాయిస్తుంటే, మా అత్త "పచ్చవే పెట్టనీ, ఆయమ్మ చూసుకుంటాది" అంది.

పిల్ల వంగి పెట్టింది. ఆ తెల్లటి దుప్పటి మీద ఆ పసుపు ఎంత దూరం నుంచైనా కనబడుతోంది.