పక్క బటన్ మీది బొట్టు

ఇన్నేళ్లుగా ఒక బొట్టుబిళ్ల బరువు మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీరెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీ దగ్గరికి వచ్చాను. ఒక్కటే షరతు, జాలి పడకండి. జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను బటన్ల డబ్బాలు చేస్తాను. వినడానికి బొమ్మల దుకాణం వ్యవహారంలా ఉంటుంది కాబట్టి కాస్త వివరించాలి. మాడ్యులర్ సింథసైజర్ అని ఒక వాయిద్యం ఉంది. ఒక చట్రంలో బిగించిన చిన్న చిన్న యంత్రాలు, వాటి మధ్య చిక్కుపడ్డట్టు బోలెడన్ని వైర్లు. ఒక యంత్రం శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని కోస్తుంది, ఇంకొకటి తిప్పి తిప్పి వినిపిస్తుంది. ఇంట్లో కూర్చుని తీరిగ్గా వైర్లు మార్చుకుంటూ వాయించుకోవచ్చు. జనం ముందు అలా కుదరదు. అక్కడ వేలికి తక్షణం అందే బటన్లు కావాలి. ఆ బటన్లన్నీ ఉన్న డబ్బాను తయారు చేయడం నా పని.

మొదటిది స్రవంతి కోసం చేశాను. అది ఆమె అసలు పేరు కాదు. దుండిగల్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో మేమిద్దరం ఒకే క్లాసు. మాది ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ దగ్గర కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. వాళ్లకు షామీర్‌పేటలో తాతలనాటి భూములు. వాళ్ల నాయిన ఒకప్పుడు సర్పంచ్, తర్వాత ఆ భూములనే ప్లాట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. వాళ్ల పొలంలో వాడకం లేని కోళ్ల షెడ్డు ఒకటి ఉండేది. ఎంత కడిగినా మేత వాసన పోని ఆ షెడ్డే ఆమెకు సంగీతం గది, నాకు వర్క్‌షాపు.

నా డబ్బాలో నాలుగు వరసలు, వరసకు నాలుగు బటన్లు. అన్నీ ఒకే కొలత, ఒకే నలుపు, చేయి పెడితే జారిపోయేంత నునుపు. ఒక్కోదాని కింద ఒక్కో రంగు లైటు వెలుగుతుంది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆమె కొన్నాళ్లు వాయించి, శబ్దాన్ని ఆపే బటన్ ఒక్కటి వేరుగా, పెద్దగా పెట్టమని అడిగింది. చూడకుండానే వేలికి దొరకాలంది. నేను ఒప్పుకోలేదు. ఒక బటన్ పెద్దదైతే డబ్బా అందం మొత్తం పోతుందన్నాను. లైట్లు పెట్టింది చూడ్డానికే కదా, చూసి నొక్కమన్నాను.

ఆపే బటన్ మీద ఆమెకు అంత పట్టుదల ఎందుకో నాకు తెలియక కాదు. ఆమె వాయించే తీరే అది. పాట చివర శబ్దాన్ని పైకి, ఇంకా పైకి తీసుకెళ్లి, ఇక భరించలేం అని వినేవాళ్లు అనుకునే వేళ ఒక్క వేలితో అంతా ఆపేసేది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కోసమే ముందున్న పాటంతా. నేను విన్నాను. ఒళ్లు జలదరించేది. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల కింద ఉడికిపోతూ వాయిస్తుంటే చెమటకు ఆమె నొసటి మీది స్టిక్కర్ బొట్టు జారింది. ముఖం కడుక్కునేముందు ఆడవాళ్లు అద్దానికి అంటిస్తారే, అలా ఎదురుగా ఉన్న నా డబ్బాకు అంటించి వెళ్లింది. అది పడింది ఆపే బటన్ మీద. తిరిగొచ్చి వాయించింది. వేలికి ఆ బిళ్ల అంచు తగిలింది. ఇక ఆ రోజు నుంచి ఆమె కన్ను నా డబ్బా వైపు దిగలేదు. ప్రతి కచేరీకి ముందు నొసటి బొట్టు తీసి ఆ బటన్‌కు అంటించడం, వాళ్ల అవ్వ చూస్తే, "ఏందే, బోసి నొసల్తోని కూసుంటవా?" అని తిట్టి ఇంకో బొట్టు పెట్టడం, ఇదొక ఆచారమైపోయింది.

నెలల తరబడి గీసి, చెరిపి, మళ్లీ గీసి చేసిన నా డబ్బా మీద ఒక ఎర్ర బిళ్ల. చూసినప్పుడల్లా ఎవరో నా ముఖం మీద ఉమ్మినట్టుండేది. ఒకసారి ఊళ్లో ఒక చిన్న హాల్లో కచేరీ అయ్యాక మైకులో, "గీ డబ్బా మా దోస్తు జేసిండు. ఎట్ల వాడాల్నో మాత్రం నా బొట్టుబిళ్ల నేర్పింది," అంది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను, లోపల కుతకుత ఉడికిపోయాను. ఆమె అన్నది అబద్ధమా? కాదు. అబద్ధమైతే ఏనాడో మరచిపోయేవాణ్ణి.

తర్వాత వాళ్ల నాయిన షామీర్‌పేటలో కొత్త వెంచర్ మొదలుపెట్టాడు. దాని దారి సరిగ్గా షెడ్డు మీదుగా పోవాలి. స్రవంతి గొడవ పడింది. ఆయన చివరికి ఒక మాటకొచ్చాడు. వెంచర్ ఓపెనింగ్ రోజు మనవాళ్లందరి ముందు వాయించు, మెచ్చుకున్నారా, రోడ్డు పక్కకు తిప్పుతా, షెడ్డు నీది. లేకుంటే కూలగొడతా. ఇష్టం లేకున్నా ఆమె ఒప్పుకుంది.

పగటి పూట, షామియానా కింద. మూడు వైపుల నుంచీ ఎండ. నా లైట్లు అసలు కనపడటం లేదని సౌండ్ సరిచూసుకునేటప్పుడే ఇద్దరికీ అర్థమైంది. ఆమె నొసటి బొట్టు తీసి, బటన్ తుడిచి, అంటించింది. వాళ్ల అవ్వ పిలిస్తే వెళ్లింది. నేను ఒక్కణ్ణే మిగిలాను.

గోటితో బిళ్ల అంచు లేపాను. పక్క బటన్‌కు అంటించాను. అంతే.

ఎందుకు చేశానని నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. చిన్న పాఠం చెబుదామనుకున్నానా? కూర్చోగానే ఆమె చూసుకుంటుందిలే అనుకున్నానా? ఇవన్నీ తర్వాత నేను కుట్టుకున్న చొక్కాలు. ఆ నిమిషంలో నాకు ఆమె మీద పచ్చి ద్వేషం ఉంది, ఆమె జనం ముందు తడబడితే చూడాలని ఉంది. షెడ్డు సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆమె చూసుకోలేదు. ఎవరో లీడర్ వచ్చాడని వాళ్ల నాయిన తొందరపెట్టాడు. వాయించడం మొదలుపెట్టింది. బోరు మోటారు చప్పుడు, అవ్వ చాటలో బియ్యం చెరిగే చప్పుడు, ముందే రికార్డు చేసి పెట్టుకున్నవన్నీ కలిపి అల్లింది. ప్లాట్ల బ్రోచర్లతో విసురుకుంటున్నవాళ్లు విసురుకోవడం మానేశారు. బిర్యానీ కోసం లేచినవాళ్లు నిలబడి వింటున్నారు. వాళ్ల నాయిన పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. గర్వంగా నవ్వాడు. అప్పటికైనా వెళ్లి చెప్పొచ్చు. స్పీకర్ల పక్కన గుంజలా నిలబడ్డాను.

శబ్దం పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఆమె కళ్లు మూసుకుంది. వేలు బొట్టు మీదికి వెళ్లింది. నొక్కింది.

ఆ పక్క బటన్ శబ్దాన్ని తిరిగి శబ్దంలోకే తోసేది. స్పీకరుకు ఎదురుగా మైకు పెడితే లేచే కూత ఉంటుందే, అలాంటిది లేచింది. సరిగా పడలేదనుకుని ఆమె మళ్లీ నొక్కింది. ఇంకా పెరిగింది. మళ్లీ. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్లు చెవులు మూసుకుని బయటికి పరిగెడుతున్నారు. ఎండలో ఆ నల్ల బటన్లన్నీ ఒకేలా ఉన్నాయి. స్పీకర్ల స్విచ్ నా చేతికందేంత దూరంలో ఉంది. నేను ముట్టుకోలేదు. ఎవరో జనరేటర్ వైరు పీకేశారు. వాళ్ల నాయిన వేదిక మీదికొచ్చి, అందరూ వింటుండగా, "ఇజ్జత్ తీసినవ్ బిడ్డా," అన్నాడు.

సాయంత్రం షెడ్డులో ఆమె మేత డబ్బా బోర్లించుకుని కూర్చుంది. నా డబ్బా ఒళ్లో ఉంది.

"బొట్టు పక్క బటన్ మీదున్నది," అంది.

నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"పొద్దుగాల మస్తు పరేషాన్ల ఉంటి. నేనే తప్పు వెట్టిన్నా?"

"మరి? నీ బొట్టు నువ్వే కదా పెట్టుకునేది."

ఆమె నా ముఖంలోకి చూసింది. అనుమానంతో కాదు. అనుమానించి ఉంటే ఈ రోజు నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

"నా చెయ్యే నన్ను ముంచింది," అంది. "తీస్కపో. నాకొద్దిగ."

నేను తీసుకుపోయాను.

షెడ్డు కూలగొట్టారు. ఇప్పుడక్కడ రోడ్డు, అటూ ఇటూ హద్దురాళ్లు. ఆమె మళ్లీ వాయించలేదు, వాళ్ల నాయిన ఆఫీసులో కూర్చుంటుంది. ఒకసారి మేడ్చల్‌లో టిఫిన్ సెంటర్ దగ్గర కలిసింది. ఇంకా డబ్బాలు చేస్తున్నావా అని మామూలుగానే అడిగింది. మాటల్లో తనే నవ్వుతూ చెప్పింది, గేటుకు తాళం వేసి సగం దూరం పోయాక మళ్లీ వెనక్కి వచ్చి చూసుకుంటుందట, గ్యాస్ కట్టేసి మళ్లీ లేచి చూస్తుందట. తన చేతి మీద తనకు నమ్మకం లేదట. నేను దోశ సగంలోనే వదిలేశాను. వదిలేసినందుకు కూడా ఆమె మీదే కోపం వచ్చింది. నేను అలాంటివాణ్ణి, చెప్పాను కదా.

ఇంకొకటి మిగిలింది, అసలు సిగ్గు అదే. ఇప్పుడు నేను చేసే డబ్బాలన్నిటిలో ఆపే బటన్ వేరుగా ఉంటుంది, పెద్దగా ఉంటుంది. దాని మీద కందిగింజంత ఉబ్బు ఉంటుంది, కళ్లు మూసుకున్నా వేలికి తగిలేలా. వాయించేవాళ్లు దాన్నే మెచ్చుకుంటారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, ఏళ్ల తరబడి కళాకారుల చేతులు గమనించాను అంటాను. తలూపుతారు.

ఇది ఆమెకు పంపను. పంపగలిగినవాణ్ణయితే ఆ సాయంత్రమే నోరు విప్పేవాణ్ణి. క్షమించమని మిమ్మల్నీ అడగను, క్షమించడానికి మీరెవరు? రాసేశాక గుండె మీది బరువు ఎవరో కొంచెం తీసినట్టుంది. అందుకు నేను అర్హుణ్ణి కాదని తెలుసు, అయినా హాయిగానే ఉంది. చివరికి ఒక్కటి మాత్రం పేరు లేకుండానైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ రోజు బొట్టు జరిపింది నేను. ఆమె సరైన చోటే పెట్టింది. ఆమె చెయ్యి ఏ తప్పూ చేయలేదు.