సినిమాలో అమ్మ నిలబడిన మూడు చోట్లు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అవ్వ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించేది. ఇంటికి చేరకముందే దాన్ని తెంపి పారేసేవాణ్ణి. కర్నూలులో బండ్లకు సీటు కవర్లు కుట్టి బతుకుతున్నాను. కొలత తీసి కత్తిరించడమే నాకు తెలిసిన విద్య. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

నాకు పదేళ్లప్పుడు మా ఊళ్లో ఒక పెద్ద సినిమా తీశారు. పేరు అనవసరం. అది టీవీలో వస్తే ఇప్పటికీ మా వీధిలో సౌండు పెంచుతారు. వేరే ఊర్ల పిల్లలు వచ్చి, ఆ చోట్లన్నీ తిరిగి రీల్స్ చేసుకుని పోతుంటారు.

గుంపులో నిలబడడానికి మా పాతూరు జనాన్ని పిలిచారు. మా అమ్మ మూడు రోజులు పోయింది. సినిమాలో అదంతా ఒకే రోజు జరిగే కథ కాబట్టి మూడు రోజులూ ఒకే చీర కట్టాలి, ఉతకకూడదు అన్నారట. పసుపు అంచు ఆకుపచ్చ చీర. అమ్మకు శుభ్రం పిచ్చి. రోజూ పొద్దున ఆ చీరను తిట్టుకుంటూనే కట్టుకునేది.

అట్లా సినిమాలో మూడు చోట్ల కనిపిస్తుంది. కొండారెడ్డి బురుజు ముందు పక్కకు తిరిగి. కూరగాయల సందులో సగం ముఖం. తుంగభద్ర మెట్ల మీద మాత్రం కెమెరాలోకి నేరుగా చూసేసింది. చూడొద్దన్నా చూసినందుకు బాగా తిట్టారట. అయినా ఆ మూడు సెకన్లు ఎందుకో తీసెయ్యలేదు.

చెల్లెలు మాబున్నికి ఏడాది నిండకముందే అమ్మ కామెర్లతో పోయింది. మరుసటి ఏడు వరదొచ్చి పాతూరు మునిగింది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ బురదపాలయ్యాయి. మాబున్నికి అమ్మ అంటే ఆ సినిమానే. కడుపు నొప్పొచ్చినా, పరీక్ష పోయినా అదే పెట్టుకుని కూర్చునేది. నాకు ఒక్కోసారి విసుగొచ్చేది, అరిచేవాణ్ణి కూడా.

పోయిన ఏడు ఒక ఆదివారం తనే అడిగింది.

"అమ్మ నిలబడిన చోట్లన్నీ పోదామా న్నా? ఆడ నేను నిలబడతా, నువ్వు ఫొటో తియ్యి."

పొద్దున్నే బురుజు కాడికి పోయాం. ఫోనులో సినిమా పెట్టి, రాళ్ల వరుసలు లెక్కబెట్టి, సరిగ్గా అమ్మ నిలబడిన చోటే మాబున్నిని నిలబెట్టి ఫొటో తీశాను. తర్వాత కూరగాయల సందు. అక్కడా అంతే.

ఉగ్గాని తిందామని హోటల్లో కూర్చున్నప్పుడు, ఫొటో సరిపోయిందో లేదో చూద్దామని బురుజు సీను మళ్లీ పెట్టాను. అమ్మ లేదు.

సోడా బండి ఆయన ఉన్నాడు. పక్కింటి రమణమ్మత్త ఉంది. వాళ్లిద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. రమణమ్మత్త చెయ్యి పక్కకు చాపి ఉంది, వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు మూసుకుని ఉన్నాయి. కూరగాయల సందు సీనులోనూ అమ్మ లేదు. మాబున్ని పళ్లెం పక్కకు నెట్టేసింది.

వేరే కాపీ ఏమో అనుకున్నాను. ఇంట్లో పెన్‌డ్రైవు పెట్టి చూశాను. నెట్‌లో ఉన్నది చూశాను. మాబున్ని ఎప్పుడో తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు చూశాను. అన్నిట్లో అదే ఖాళీ. ఏటి మెట్ల మీద మాత్రం అమ్మ ఉంది, ఎప్పటిలాగే మా వైపే చూస్తూ.

రమణమ్మత్తను పిలిచి చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మీయమ్మ ఆ పొద్దు నా పక్కలోనే ఉండె నాయనా. జనం తోస్తాండారని చెయ్యి పట్టుకోని నిలబడినా. ఇదో, ఈ చెయ్యే."

చెల్లెలితో ఒట్టు వేయించుకున్నాను, ఏటి మెట్ల వైపు పోకూడదని. నేను కూడా ఆ దారి మానేశాను. అంతకుమించి ఏం చెయ్యాలో తెలీలేదు. ఎవరి దగ్గరికి పోవాలి, ఏమని చెప్పాలి? సినిమాలో మా అమ్మ తప్పిపోయిందంటే పిచ్చోడనరా?

పోయిన నెల ఒక పొద్దున మాబున్ని అంగడికొచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

"పోయొచ్చినా న్నా. రెండు చోట్లా లేదంటే ఆడనే నా కోసం చూస్తాండాదేమో అనిపించింది. శానా సేపు నిలబడినా."

తిట్టాలని నోరు తెరిచాను. తను ఫోను నా చేతిలో పెట్టింది.

"నాకు భయంగా ఉండాది. నువ్వు చూడు."

చూశాను. మెట్లున్నాయి, నీళ్లున్నాయి, బిందెలతో ఆడవాళ్లున్నారు. ఒకటికి నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఎట్లా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. మేం పోకుండా ఉంటే అమ్మ నిలిచేదా, ఎట్లైనా పోయేదా, అదీ తెలీదు. చెప్పగలిగినవాళ్లు ఎవరూ దొరకలేదు.

"ఉంది" అన్నాను.

మాబున్ని నా ముఖంలోకి చూసింది. ఫోను తీసుకుని సంచిలో వేసుకుంది. ఆ సినిమా తను ఇంతవరకు మళ్లీ పెట్టలేదు.