‘కొట్టుడు’ అని రాసివున్న డిస్క్

దెయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు భయం కాదు, చిరాకు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను అనుమసముద్రంపేట దర్గాకు తీసుకెళ్ళేది. అక్కడ తలలు ఊపుతూ కేకలు పెట్టేవాళ్ళను చూసి అందరూ జాలిపడేవాళ్ళు. వీళ్ళను ఒక మంచి డాక్టరుకు చూపించొచ్చు కదా అని నేననుకునేవాణ్ణి. ఇప్పటికీ అదే అనుకుంటాను. అందుకే ఈ సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. సొంతూరు ఉదయగిరి. పాత వీడియో గేమ్ డిస్కులు సేకరించడం నా పిచ్చి. కంపెనీ డిస్కులు కాదు, వాటిని దాచేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను దాచేవి మన వైపు గేమ్ షాపుల్లో తిరిగిన దొంగ కాపీలు. వాటి మీద అసలు పేరు ఉండదు. షాపువాడు మార్కరుతో ‘గోడ దూకేది’, ‘ఎర్ర కారు’, ‘గుండోడు’ అని తనకు తోచింది రాసుకునేవాడు. మధ్యలో ఎవడో చెయ్యిపెట్టి మార్చిన గేములు కూడా వాటిలో ఉంటాయి. అవి పోతే ఇంకెక్కడా దొరకవు.

డిస్క్ తుడుస్తాను, రెండువైపులా ఫోటో తీస్తాను, కంప్యూటర్లోకి కాపీ చేస్తాను, మనవాళ్ళు పిలిచిన పేరుతోనే జాబితాలో ఎక్కిస్తాను. గేమ్ మిషన్లో పెట్టి, టీవీకి తగిలించి ఆడి చూడటం అన్నిటికన్నా ఆఖర్న. ఈ వరస తప్పను. ఒక్కసారి తప్పాను.

నాకు ఎడమ చెవి వినపడదు. ముందు దాని కథ చెప్పాలి.

ఇంటర్ చదివే రోజుల్లో నేనూ ప్రభుదాసూ ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకునేంత స్నేహితులం. కాలేజీ ఎగ్గొట్టి ఉదయగిరిలో మస్తానన్న గేమ్ షాపులో పడి ఉండేవాళ్ళం. అక్కడ ‘కొట్టుడు’ అనే డిస్క్ ఉండేది. ఇద్దరు మనుషులు, వెనక ఒక మట్టిగోడ, అంతే. పాట లేదు, పాయింట్లు లేవు. గెలిచిన తర్వాత కూడా బొమ్మ ఆగదు. జాయ్‌స్టిక్ వదిలేసినా సరే, కింద పడినవాణ్ణి కొడుతూనే ఉంటుంది. కాపీ చేసినవాడు సరిగ్గా చేసి చావలేదు అని నవ్వుకునేవాళ్ళం.

నా చెవి పోయిన రోజు కూడా ప్రభుదాసే గెలిచాడు. ఇది గుర్తుపెట్టుకోండి, గెలిచాడు. ఓడినవాడు ఉక్రోషంతో చెయ్యి చేసుకున్నాడంటే అర్థం ఉంది. వీడు గెలిచి, తాపీగా లేచి, జాయ్‌స్టిక్ వైరు పిడికిలికి చుట్టుకుని నా చెవి మీద గుద్దాడు. నేను కింద పడితే ఛాతీ మీద మోకాలు పెట్టి మళ్ళీ గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. ముక్కులోంచి రక్తం, చెవిలోంచి రక్తం. మస్తానన్న ఇంకో ఇద్దరిని పిలిచి లాగితేగాని వాడు నా మీద నుంచి లేవలేదు. కర్ణభేరి చిరిగిపోయింది. ఆ చెవి మీద ఆశ వదులుకోమని నెల్లూరు డాక్టరు చెప్పేశాడు.

తర్వాత వాడు మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

“నేను కొట్టలేదురా షఫీ. నా చెయ్యి నా మాట ఇనలేదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ తాగుబోతైనా పెళ్ళాన్ని చావగొట్టి, తెల్లారి ఇదే కూత కూస్తాడు. చెప్పు తీసుకుని వీధి చివరిదాకా తరిమాను. అంతే, మా మధ్య మాటలు పోయాయి.

పోయిన వేసవిలో మస్తానన్న పాత షాపు గది ఖాళీ చేస్తూ, డిస్కులన్నీ ఒక గోతంలో వేసి నాకిచ్చాడు. ‘కొట్టుడు’ ఒక్కటీ విడిగా పేపర్లో చుట్టి ఉంది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరికీ ఆడటానికి ఇవ్వలేదట. పారేస్తే ఎవడి చేతిలో పడుతుందోనని దాచాడట. వయసు మీద పడింది పాపం అనుకున్నాను.

ఈ సంగతి ఎలా తెలిసిందో, ఒక మధ్యాహ్నం ప్రభుదాసు నా షాపు ముందు ఆటో ఆపి దిగాడు. వాడిప్పుడు అనంతసాగరం వైపు షేర్ ఆటో తోలుతున్నాడు. మనిషి నాకు రెండింతలయ్యాడు. కుడిచెయ్యి మాత్రం ప్యాంటు జేబులోంచి తియ్యలేదు. మంచినీళ్ళు ఇస్తే ఎడంచేత్తో తాగాడు.

వాడి సంగతి అంతకుముందే కొంత విన్నాను. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడు వాడి భార్య చెప్పుకుని ఏడ్చింది. కూతురు పుట్టినప్పటి నుంచి ఆ చేత్తో బిడ్డను ముట్టుకోలేదట. గేదెను తోలడానికి కర్ర కూడా పట్టడట. చర్చి మానని వాళ్ళమ్మ, ఎవరికీ చెప్పకుండా దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టిందట. ఆ దారం జేబు అంచున కనిపిస్తూనే ఉంది, రంగు వెలిసిపోయి.

“ఆ డిస్కులో ఏముండాదో నువ్వు తీసి చూడగలవంట గదా. చూడు. ఏమీ లేదంటే తప్పు నాదే, ఒప్పుకుంటా. నా బిడ్డకు దూరంగానే ఉంటా. ఏదైనా ఉండాదంటే...” అని ఆగిపోయాడు.

నిజం చెప్తున్నాను, నాకు జాలి కలగలేదు. చెవి పోయింది నాది, ఏడుపు వీడిదా అనిపించింది. ఇది ఉత్త గేమేనని వాడి మొహం మీదే తేల్చి పంపాలనుకున్నాను. కంప్యూటరేమో గీతలు పడిన ఇంకో డిస్కును కాపీ చేస్తోంది. మధ్యలో ఆపితే పొద్దున్నుంచి పడ్డ పాటంతా పోతుంది. సరే, ముందు ఆడే చూద్దాం అన్నాను. ఎండ కొడుతోందని షట్టరు సగానికి దించాను. డిస్కును పేపర్లోంచి తీసి మిషన్లో పెట్టింది వాడే, ఎడంచేత్తో. దాని అడుగుభాగం నేను చూడలేదు.

గేము వచ్చింది. అదే మట్టిగోడ, అదే ఇద్దరు మనుషులు. వాడు జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చేత్తోనే జాయ్‌స్టిక్ అందుకున్నాడు. నేను గెలిచాను. ఆ డిస్కులో నేను గెలవడం జీవితంలో అదే మొదలు.

తర్వాత జరిగింది నాకు పూర్తిగా గుర్తుంది. మైకం కమ్మలేదు. ఎవరి గొంతూ వినపడలేదు. నా కుడిచెయ్యి జాయ్‌స్టిక్ వైరును పిడికిలికి చుట్టుకుంటోంది. బస్సులో పక్క సీటువాడి చేతిని చూసినట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది వెళ్ళి ప్రభుదాసు చెవి మీద పడింది. వాడు స్టూలు మీద నుంచి పక్కనున్న అద్దాల బీరువా మీదికి పడ్డాడు, అది పగిలి గాజుముక్కలు వాడి మీద పడ్డాయి. నా మోకాలు వాడి ఛాతీ మీదికి వెళ్ళింది. గుద్దాను. పళ్ళు విరిగిన చప్పుడు నా పిడికిలికి తెలిసింది. “చాలు, చాలు” అని నోటితో అంటూనే ఉన్నాను, చెయ్యి గుద్దుతూనే ఉంది. చెవి పైభాగం చిరిగి వేలాడింది. అయినా ఆగలేదు.

వాడు తలుచుకుంటే నన్ను ఒక్క తోపు తోసి అవతల పారేసేవాడు. తొయ్యలేదు. ఏడుస్తున్నాడు, కానీ అది నొప్పికి వచ్చే ఏడుపు కాదు. నోటినిండా రక్తంతో నవ్వుతున్నాడు.

“చూసినావా... చూసినావా షఫీ...”

అంత ఘోరం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

పక్కనున్న టీకొట్టు ఆయన షట్టరు ఎత్తి నన్ను వెనక్కి లాగాడు. అద్దాల బీరువా మీద పడిందని ప్రభుదాసే అందరికీ చెప్పాడు. ఆస్పత్రిలో చెవికి కుట్లు వేశారు. రెండు పళ్ళు పోయాయి. దేవుడి దయ, చెవి వినపడుతోంది.

ఆ సాయంత్రం డిస్కును కంప్యూటర్లో పెట్టాను. ఖాళీ డిస్క్ అని చూపించింది. డ్రైవు మార్చి పెట్టాను. ఖాళీ. అప్పుడు తిరగేసి చూశాను. కాపీ ఎక్కిన డిస్కుకు అడుగున, ఎక్కినంత మేర రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఈ పని చేసేవాడు ఎవడికైనా చూడగానే తెలిసిపోతుంది. దీనికి అది లేదు. పుట్టిన దగ్గర నుంచి దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేదు. జాయ్‌స్టిక్‌లు పీకేసి, నేనొక్కణ్ణే ఉండి మిషన్లో పెట్టాను. డిస్క్ పెట్టండి అని అడిగింది.

మస్తానన్నకు ఫోన్ చేశాను. డిస్కు మీదున్న ఎర్ర మార్కరు రాత తనదేననీ, ‘కొట్టుడు’ తన దగ్గర ఎప్పుడూ ఒక్కటే ఉండేదనీ చెప్పాడు.

నాలో ఇన్నేళ్ళు మగ్గిన కోపమే అలా బయటపడిందని మీరనొచ్చు. నేనూ అనుకుని చూశాను. మరి ఆ రోజు ప్రభుదాసుకు నా మీద ఏం కోపం ఉంది? ఏమీ లేని డిస్కులో మేమిద్దరం ఏం చూశాం, ఏం ఆడాం? నాకు తెలియదు. విరగ్గొట్టేద్దామని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నది కుడిచేత్తో అని చూసుకుని, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టేశాను.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక ప్రభుదాసు భార్యాబిడ్డలతో వచ్చాడు. కుట్లు ఇంకా తియ్యలేదు. కూతురు వాడి కుడిచేతి మీద కూర్చుని తండ్రి చెవికున్న కట్టును వేలితో తడుముతోంది. వాళ్ళావిడ ఆ ఇద్దరినే చూస్తోంది.

“ఏందిరా, దాంట్లో ఏమన్నా దొరికిందా?” అన్నాడు.

“గేము ఉండాదిరా. కాపీ కూడా చేసినా” అన్నాను.

వాడు బిడ్డను ఎగరేసి పట్టుకున్నాడు, ఆ చేత్తోనే. ఇందులో పేర్లు మార్చాను. వాడు ఇలాంటివి చదివే మనిషీ కాదు.

నాకు ఎడమ చెవి పనిచెయ్యదు కాబట్టి, పెళ్ళయిన దగ్గర నుంచి మా ఆవిడ ఎప్పుడూ నా కుడిపక్కనే కూర్చుని మాట్లాడేది. ఇప్పుడు ఆమె అటు వస్తే నేను లేచి జరిగి కూర్చుంటున్నాను. ఎందుకని అడిగింది, ఫ్యాను గాలి అన్నాను. పాపం, ఎడమపక్కన కూర్చుని ఏదో చెప్తూ ఉంటుంది. నాకు సగం వినపడదు. ఊ కొడుతుంటాను.